స్టార్టర్ డబ్బా మూత తీస్తే...

సంగారెడ్డి: ముంబై రహదారి మీద రామచంద్రాపురం నుంచి సంగారెడ్డికి బస్సులో వచ్చేవారికి కరెంటుతో పనిబడ్డ పెద్ద సంస్థలు వరుసగా తగులుతాయి. 1960లలో వెలసిన బీహెచ్‌ఈఎల్, తరువాత పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు, రుద్రారంలో ట్రాన్స్‌ఫార్మర్లు తయారయ్యే కర్మాగారం, కంది దగ్గర ఐఐటీ. ఇంతమంది ఇంజనీర్లు మసలే దారి రాష్ట్రంలో మరొకటి ఉంటుందో లేదో.

రహదారి దిగి రెండు మూడు కిలోమీటర్లు లోపలికి వెళితే దృశ్యం మారిపోతుంది. పొలం గట్టు మీద, బోరు పక్కన, రాతి కడీకి బిగించిన ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది. దానికి ఆకుపచ్చ బటను ఒకటి, ఎర్ర బటను ఒకటి. వానకు తడవకుండా పైన ఎరువుల సంచి కప్పి ఉంటుంది. పల్లె కుర్రవాళ్లకు విద్యుత్తు మీద, ఎలక్ట్రానిక్స్ మీద, ఈమధ్య కంప్యూటరు ప్రోగ్రాముల మీద పుట్టే ఆసక్తికి మూలం ఎక్కడని వెతికితే, అది ఫ్యాక్టరీ గేటు దగ్గర కంటే ఈ డబ్బా దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది. మోటరు ఆగితే పంట ఎండుతుంది. మెకానిక్ సాయంత్రానికి గాని రాడు. మూత తీసి చూడక తప్పదు.

కోళ్ల జాలీతో గొడుగు

మోటార్ల సంగతి చెప్పేముందు ఒక పాత ముచ్చట. మన పల్లెలు ఎలక్ట్రానిక్స్‌ను మొదట చూసింది బోరు దగ్గర కాదు, బడి ముందు. 1975 ఆగస్టు 1న దేశంలో ఒక ప్రయోగం మొదలైంది. అమెరికాకు చెందిన నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మన దేశం వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు నేరుగా ఆకాశం నుంచే టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మన ఉమ్మడి మెదక్ జిల్లా ఒకటి. హైదరాబాద్ నగరవాసులకు దూరదర్శన్ ప్రసారాలు 1977లో గాని అందలేదు. అంటే పట్నం కంటే ముందు మన పల్లెల్లో కొన్ని టీవీ చూశాయన్నమాట. ఈ మాట నేటి పిల్లలకు చెబితే నమ్మరు.

ఆ టీవీ పెట్టెలు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఆ పేరు ఇప్పుడు చాలామందికి ఒక చౌరస్తాగానే తెలుసు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు చేతుల మీదుగా 1967లో ఏర్పడిన సంస్థ అది. 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరును ఇక్కడి మేధస్సుతోనే తయారుచేసింది. మనం ఓటు వేసే యంత్రాలను తయారుచేసే రెండు సంస్థల్లో ఇదొకటి.

టీవీ పెట్టె సరే, అంతకంటే వింత దాని యాంటెన్నా. పది అడుగుల వెడల్పున గొడుగు బోర్లించినట్లుండే ఆ యాంటెన్నాకు వాడింది కోళ్ల గూడుకు కట్టే ఇనుప జాలీ. ఇన్ని కంతలున్న జాలీలో ఆకాశం నుంచి వచ్చే బొమ్మ ఎట్లా నిలుస్తుందని ఎవరికైనా సందేహం కలుగుతుంది. జవాబు సులువైనదే. ఉపగ్రహం పంపే తరంగం పొడవు సుమారు జానెడున్నర. జాలీ కంత అంగుళం. తరంగం ముందు కంత మరీ చిన్నదైతే ఆ తరంగానికి జాలీ కూడా రేకులాగే అడ్డుగోడ అవుతుంది, అద్దం వెలుతురును తిప్పికొట్టినట్లు తిప్పికొడుతుంది. రేకు బరువెక్కువ, ఖర్చెక్కువ, గాలికి ఎగిరిపోతుంది. జాలీలోంచి గాలి దూసుకుపోతుంది. లెక్క తెలిసినవాడు కోళ్ల గూటిని కూడా యాంటెన్నా చేస్తాడు.

ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. బొమ్మ ఒకటే అయినా మాటలు రెండు దారుల్లో వచ్చేవి గనుక ఒకే బొమ్మను మనవాళ్లు తెలుగులోను, కర్ణాటక వారు కన్నడంలోను విన్నారు. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకుంది.

పచ్చ బటను వెనుక ఏముంది?

ఇక డబ్బా దగ్గరకు వద్దాం. పచ్చ బటను నొక్కగానే లోపల రాగి తీగ చుట్టిన కాయిల్ అయస్కాంతంగా మారి మూడు ఫేజుల కాంటాక్టులను పట్టుకుంటుంది. కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా దానంతట అది పట్టుకోదు, మనిషి వెళ్లి నొక్కవలసిందే. ఇది లోపం కాదు. చేతులు మోటరులో పెట్టి మరమ్మతు చేస్తున్నప్పుడు హఠాత్తుగా కరెంటు వస్తే ప్రాణం పోకుండా పెట్టిన కాపలా.

అయితే 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక, అదీ రోజుకు ఏడు గంటలని చెప్పి చాలాచోట్ల రెండు విడతలుగా ఇచ్చి, ఒక విడత అర్ధరాత్రి పెట్టాక, ఈ కాపలాయే రైతుకు శిక్ష అయింది. చీకట్లో, తడి కాళ్లతో, పాములు తిరిగే గట్టు మీద నడిచివెళ్లి బటను నొక్కాలి. కరెంటు పోతే మళ్లీ లేవాలి. బటను సందులో పుల్ల దోపి వచ్చినవారూ ఉన్నారు. ఆ బాధలోంచి వచ్చిందే ఆటో స్టార్టర్. కరెంటు రాగానే తనంతట తానే మోటరును నడిపించే చిన్న పెట్టె. కంపెనీలు తయారుచేసినవి కొన్ని, ఊరి మెకానిక్‌లు పాత రేడియో సామాన్లతో అల్లినవి కొన్ని.

ఇక్కడే లెక్క తప్పింది. ఐదు హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు సుమారు ఏడెనిమిది ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. కానీ మొదలయ్యే ఆ రెండు మూడు క్షణాలలో దానికి ఐదారు రెట్లు, అంటే నలభై ఆంపియర్ల పైచిలుకు గుంజుతుంది. పొలాల్లో ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు ఇవ్వగలిగింది సుమారు 33 ఆంపియర్లు. దాని కింద నాలుగు బోర్లున్నాయనుకుందాం. నలుగురు రైతులు నాలుగు వేళల్లో బటను నొక్కితే ఏ గొడవా లేదు. నాలుగు ఆటో స్టార్టర్లు ఒకే క్షణంలో మేలుకుంటే నూట అరవై ఆంపియర్లు అడుగుతాయి. ఫీజు కొట్టేస్తుంది. ఫీజు ఊరికే పోతున్నదని కోపమొచ్చి సన్న తీగకు బదులు లావు రాగి తీగ రెండు పేటలు చుడితే ఫీజు మిగులుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అది మరమ్మతుకు వెళ్లి వచ్చేలోగా నలుగురి మడులూ ఎండుతాయి.

రేడియో మెకానిక్ పని వచ్చినవాడికి దీనికి మందు తెలుసు. 555 అనే ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటుంది. 1970ల మొదట్లో వచ్చిన ఈ చిప్పు ఇప్పటికీ హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో పది రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. కాలాన్ని కొలవడమే దీని పని. సన్నని గొట్టంతో కుండ నింపుతున్నామనుకోండి. కుండ పెద్దదైనా, గొట్టం సన్నదైనా నిండటానికి ఎక్కువ సమయం పడుతుంది. కుండ పేరు కెపాసిటర్, గొట్టం పేరు రెసిస్టర్. కుండ మూడింట రెండు వంతులు నిండగానే 555 రిలేను ఆడిస్తుంది. పది మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, పది లక్షల ఓముల రెసిస్టర్ పెడితే పదకొండు సెకండ్లు. కెపాసిటర్‌ను ఇరవైరెండుకు మార్చితే ఇరవైనాలుగు సెకండ్లు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది నలుగురు రైతులు నాలుగు రకాల కుండలు పెట్టుకుంటే మోటార్లు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి, ఫీజు నిలుస్తుంది. ఈ చిన్న కూడిక ఏ విద్యుత్ అధికారి ఉత్తర్వులోనూ రాదు. మూత తీసి చూసినవాడికే తడుతుంది.

నీళ్ల లెక్క వేరు

2017 జూలైలో పాత మెదక్, నల్గొండ, కరీంనగర్ జిల్లాల్లో ప్రయోగాత్మకంగాను, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటాను వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టారు. దానితోపాటే ఆటో స్టార్టర్లు తీసివేయమని ప్రభుత్వం కోరింది. కారణం న్యాయమైనదే. ఏడు గంటల కరెంటుకు తయారైన పెట్టె ఇరవైనాలుగు గంటల కరెంటుకు తగిలిస్తే మోటరు రాత్రంతా నడిచి, మడి నిండి, గట్టు తెగి, పక్క చెలకలోకి నీళ్లు పోతాయి. కింద బోరు అడుగంటుతుంది. నీళ్లు లేకుండా తిరిగిన సబ్‌మెర్సిబుల్ మోటరుకు చల్లదనం ఉండదు గనుక వైండింగు కాలుతుంది. పైకి లాగి, కొత్త తీగ చుట్టించి, మళ్లీ దింపేసరికి ఆ కారు లాభం అందులోనే పోతుంది.

నిజానికి రైతుకు ఇప్పుడు కావలసింది మోటరు వేసే పెట్టె కాదు, సమయానికి ఆపే పెట్టె. రెండు గంటలు నడిచి ఆగాలి. నీళ్లు తగ్గితే వెంటనే ఆగాలి. ఇక్కడ 555 కుండ పనికిరాదు. పెద్ద కెపాసిటర్లు కొంచెం కొంచెం కారుతుంటాయి, గంటల లెక్క నిలవదు. అందుకు మైక్రోకంట్రోలర్ కావాలి. ఇది గోరంత కంప్యూటరు. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డునో అనే పలక మీద ఈ చిప్పు కూర్చుని వస్తుంది. దాని నమూనాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి.

మోటరు తీగ చుట్టూ ఒక చిన్న కాయిల్ రింగు తొడిగితే ఎంత కరెంటు పోతున్నదో ఆ చిప్పుకు తెలుస్తుంది. పంపు నీళ్లు ఎత్తుతున్నప్పుడు ఒక అంకె, నీళ్లు లేక వట్టిగా తిరుగుతున్నప్పుడు అంతకంటే తక్కువ అంకె. తక్కువ అంకె కనిపిస్తే ఆపు, అరగంట ఆగి మళ్లీ చూడు అని రాసి పెట్టాలి. ఆ రాతే ప్రోగ్రాము, దాన్నే సాఫ్ట్‌వేర్ అంటారు. గచ్చిబౌలి అద్దాల మేడల్లో కూర్చుని చేసే పనికి, దీనికి జాతి ఒకటే. 555తో సమయం మార్చాలంటే సోల్డరింగు గన్ను పట్టుకుని కెపాసిటర్ ఊడదీయాలి. ఇక్కడ అంకె చెరిపి మరో అంకె రాస్తే చాలు. రాసినదాన్ని పక్క ఊరి మిత్రుడికి ఫోనులో పంపవచ్చు, అతనికి మళ్లీ మొదటినుంచి కష్టపడే పని లేదు. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ ఇంటి నుంచి ఫోను చేసి మోటరు వేసే, ఆపే పరికరాన్ని నానో గణేష్ పేరుతో తెచ్చారు. ఆయన ఇంజనీరు. కానీ తాతగారు రాత్రివేళ మోటరు వేయడానికి పడిన పాట్లు చూసి ఆ పనికి పూనుకున్నారన్నది చెప్పుకోదగ్గ సంగతి.

ఆరో తరగతి చాలు

చదువు లేనివాడికి ఇవన్నీ ఎక్కుతాయా అనేవారికి పొరుగు జిల్లా చింతకింది మల్లేశం జవాబు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చేనేత కుటుంబం. చదువు ఆరో తరగతితో ఆగింది. చీరకు ఆసు పోయడానికి తల్లి లక్ష్మి వేలసార్లు చేయి తిప్పి భుజం నొప్పితో బాధపడటం చూడలేక యంత్రం కట్టాలనుకున్నారు. ఏడేళ్లు పట్టింది. హైదరాబాద్‌లో కూలీగా, కరెంటు పనుల్లో కుదిరి, ఆ డబ్బుతో ఒక్కో భాగం చేయించుకున్నారు. చివరి చిక్కు ఒకటి ఎంతకీ విడలేదు. మన బెల్టుకు అవతలి కొసన ఉన్న బాలానగర్‌లో ఒక యూనిట్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం కదలిక చూసి విషయం తట్టింది. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. తరువాత ఎలక్ట్రానిక్స్ కూడా సొంతంగా నేర్చుకుని యంత్రానికి అమర్చారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇక మన జిల్లాలోనే జహీరాబాద్ వైపు వెళితే ఝరాసంగం మండలం మాచ్నూర్. పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబర్ 15న అక్కడ సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 90.4 మెగాహెర్ట్జ్, అంటే సెకండుకు తొమ్మిది కోట్ల నాలుగు లక్షల కంపనాలు. ఆ మిక్సర్లను, మైకులను పట్టుకున్నది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు. విత్తనాలు, పండుగలు, పాటలు, పశువుల మందులు అన్నీ మన జహీరాబాద్ యాసలోనే. ఆ సొసైటీని నడిపించిన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్ నిర్మాతగా 1975 నాటి ఉపగ్రహ టీవీ ప్రయోగంలోనే పనిచేసినవారు. 2023 మార్చిలో కన్నుమూశారు. కోళ్ల జాలీ యాంటెన్నా కింద పట్నం చెప్పింది పల్లె విన్నది. మాచ్నూర్‌లో పల్లె చెప్పింది పల్లె విన్నది.

ఇక్కడొక హెచ్చరిక. స్టూడియో 1990ల చివరికే సిద్ధమైనా ఆ మహిళలు లైసెన్సు కోసం దాదాపు పదేళ్లు ఆగారు. అంతవరకు రికార్డు చేసిన టేపులనే సంఘాల్లో వినిపించారు. 2006లో నిబంధనలు మారిన తరువాతే గాలిలోకి వెళ్లారు. బీహార్ వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే రేడియో మెకానిక్ యాభై రూపాయల సామానుతో ఎఫ్ఎం స్టేషను కట్టి ఊరూరా పేరు తెచ్చుకున్నాడు. లైసెన్సు లేనందున 2006లో మూసివేయించారు. తెలివి ఉన్నా గాలిలోకి తరంగం పంపాలంటే అనుమతి తప్పదు. ఆసక్తి ఉన్నవారికి హామ్ రేడియో దారి ఉంది. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. 1983లో ఏర్పడిన జాతీయ హామ్ రేడియో సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. 2004 డిసెంబర్ సునామీలో అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, అప్పటికే అక్కడికి వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియోతోనే కబుర్లు అందించింది.

బ్యాటరీతో మొదలు, బోరుతో కాదు

పిల్లలున్న ఇంటివారు ఈ భాగం తప్పక చదవాలి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి సుమారు నలభై మిల్లీఆంపియర్లు సరిపోతుంది. మనిషి గుండె ఆగడానికీ అంతే చాలు. అందుకే ఇంటి మెయిన్‌లో పెట్టే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు ముప్పై మిల్లీఆంపియర్లు పక్కదారి పట్టగానే పడిపోయేలా తయారుచేస్తారు. అటువంటి స్విచ్చు పెట్టించిన ఇళ్లు మన పల్లెల్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టీవీ డిష్షుకు డబ్బులుంటాయి, దీనికి ఉండవు.

నేర్చుకోవాలనుకునే పిల్లలకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఎల్‌ఈడీ, 470 ఓముల రెసిస్టర్ చాలు. ఎల్‌ఈడీ రెండు వోల్టులు తీసుకోగా మిగిలిన ఏడు వోల్టులను 470తో భాగిస్తే పదిహేను మిల్లీఆంపియర్లు వస్తుంది, దీపం చక్కగా వెలుగుతుంది. రెసిస్టర్ తీసేసి చూస్తే ఎల్‌ఈడీ మాడుతుంది. మాడనివ్వండి, రెండు రూపాయల పాఠం. 555తో దీపం ఆరి వెలిగేలా చేయడం తరువాతి మెట్టు. ఇదంతా చేతికి చురుకు కూడా తగలని కరెంటు. మూడు ఫేజుల డబ్బా ముట్టుకోవడం మాత్రం పెద్దయి, పని తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకున్నాకే.

పెద్దలకు కూడా ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ దించగానే కరెంటు పోయిందనుకోవడం ఎన్నో ప్రాణాలు తీసింది. మూడు కత్తులలో ఒకటి తుప్పు పట్టి అంటుకుని ఉండిపోతే ఆ ఫేజు బతికే ఉంటుంది. కింద నిలబడి మూడు కత్తులూ విడిపోయాయో లేదో కళ్లతో చూడకుండా ఎవరూ ఫీజు ముట్టుకోరాదు. అసలు ఆ పని లైన్‌మెన్‌ది. ఆయన ఫోను ఎత్తకపోతే సబ్‌స్టేషనుకు చేయాలి. మడి ఒక పూట ఆగుతుంది.

బడుల విషయానికి వస్తే, 2016 నుంచి నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబుల పేరిట ఎంపికైన పాఠశాలలకు ఇరవై లక్షల రూపాయల వరకు ఇస్తున్నది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి పిల్లలు సెన్సర్లు, మైక్రోకంట్రోలర్లు విప్పి చూడటానికి పెట్టిన గదులవి. సామాన్లు పాడవుతాయని గదికి తాళం వేస్తే ఇచ్చిన ప్రయోజనం నెరవేరదు. తమ పిల్లల బడిలో అటువంటి గది ఉన్నదా, ఉంటే వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారు అని తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయులను అడగవచ్చు. అక్కడ పిల్లలకు చేయడానికి పనులు కావాలంటే దూరం పోనక్కరలేదు. రెండు గంటలకు ఆగే మోటరు, నీళ్లు తగ్గితే ఆగే మోటరు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద పది, ఇరవై, ముప్పై, నలభై సెకండ్ల తేడాతో లేచే నాలుగు బోర్లు. ముందు బ్యాటరీ మీద నాలుగు ఎల్‌ఈడీలతో చేసి చూపిస్తే సరి. యాసంగి నాట్లకు ముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది నలుగురు రైతులనూ బడికి పిలిచి ఎవరికి ఏ అంకె కావాలో వాళ్లనే చెప్పమనవచ్చు.